బొగ్గు చార్, పైరోలిసిస్, గ్యాసిఫికేషన్ రియాక్టివిటీ: తరచుగా అడిగే ప్రశ్నలు

బొగ్గు గ్యాసిఫికేషన్ (బొగ్గుని ఆక్సిజన్, ఆవిరి, కార్బన్ డయాక్సైడ్‌తో చర్య జరిపించి గ్యాస్‌గా మార్చడం) మీద కొత్తగా పని మొదలుపెట్టిన ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థులు, ప్లాంట్ ఇంజినీర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జవాబులన్నిటి వెనకా నాకున్న పట్టుదల ఒక్కటే. "ఫలానా బొగ్గు చార్ రియాక్టివిటీ (వాయువుతో చర్య జరిపే వేగం) ఇంత" అని ఎవరైనా ఒక అంకె చెబితే, ఆ చార్‌ని ఎంత వేడిలో, ఎంత వేగంగా, ఎంతసేపు, ఎంత ప్రెషర్‌లో తయారుచేశారో అడగకుండా దాన్ని వాడకండి.

చార్ అంటే ఏమిటి? కోక్‌కీ దానికీ తేడా ఏమిటి?

బొగ్గుని గాలి తగలకుండా వేడిచేస్తే ముందు తేమ పోతుంది. సుమారు 350–400 డిగ్రీల సెల్సియస్ దాటాక బొగ్గులోని పెద్ద అణువులు విరగడం మొదలై తారు, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వంటివి బయటికి వస్తాయి. వీటిని కలిపి వోలటైల్స్ అంటాం. ఈ ప్రక్రియే పైరోలిసిస్. వోలటైల్స్ పోయాక మిగిలే కార్బన్, ఖనిజాలు కలిసిన ఘనపదార్థం చార్. కోకింగ్ బొగ్గు మెత్తబడి, ముద్దకట్టి, మళ్లీ గట్టిపడితే వచ్చేది కోక్. బ్లాస్ట్ ఫర్నేస్‌లో పైనున్న బరువంతా మోయాలి కాబట్టి కోక్‌కి బలం కావాలి, కార్బన్ డయాక్సైడ్‌తో చర్య తక్కువగా ఉండాలి. గ్యాసిఫయర్‌లో పడే చార్ నుంచి మనం ఆశించేది దీనికి పూర్తిగా వ్యతిరేకం: అది త్వరగా ఖర్చైపోవాలి.

పైరోలిసిస్ కొన్ని సెకన్లలో అయిపోతుంది కదా, దానికెందుకింత ప్రాముఖ్యం?

అది త్వరగా అయిపోతుంది, దాని తర్వాత వచ్చే దశ మాత్రం నిదానంగా సాగుతుంది. గ్యాసిఫయర్ ఎంత పెద్దదిగా కట్టాలి, ఎంత కార్బన్ బూడిదతో పాటు వృథాగా పోతుంది అన్నవి తేలేది చార్ గ్యాసిఫికేషన్ దగ్గరే. 800 డిగ్రీలు, 0.1 అట్మాస్ఫియర్ దగ్గర కార్బన్ చర్యల వేగాలకు ఒక పాత అంచనా ఉంది. కార్బన్ డయాక్సైడ్‌తో జరిగే చర్య వేగాన్ని 1 అనుకుంటే నీటి ఆవిరితో 3, ఆక్సిజన్‌తో సుమారు లక్ష, హైడ్రోజన్‌తో 0.003. ఆక్సిజన్ దొరికినంతసేపూ గొడవ లేదు. అది అయిపోయాక మిగిలిన చార్‌ని ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ కలిసి నెమ్మదిగా తినాలి. పైగా రెండూ వేడిని పీల్చుకునే చర్యలే. మోల్ కార్బన్‌కి ఆవిరితో 131 కిలోజౌళ్లు, కార్బన్ డయాక్సైడ్‌తో 172 కిలోజౌళ్లు కావాలి. ఈ నెమ్మది దశలోకి చార్ ఎలాంటి నిర్మాణంతో అడుగుపెడుతుందో పైరోలిసిస్ ముందే నిర్ణయించేస్తుంది.

పైరోలిసిస్ ఉష్ణోగ్రత పెంచితే చార్ ఎలా మారుతుంది?

మిగతా షరతులన్నిటికన్నా ప్రభావం ఎక్కువగా చూపేది ఇదే. 400–600 డిగ్రీల మధ్య తారులో ఎక్కువ భాగం వెళ్లిపోతుంది. 600–700 దాటాక వచ్చేది ప్రధానంగా హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్. ఈ హైడ్రోజన్ ఎక్కడిదన్నది ముఖ్యం. చార్‌లో కార్బన్ వలయాలు చిన్న చిన్న పొరలుగా ఉంటాయి, వాటి అంచుల్లో హైడ్రోజన్, ఆక్సిజన్ అంటిపెట్టుకుని ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ అవి ఊడిపోయి పక్కపక్క పొరలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. పొర పెద్దదవుతుంది, అంచులు తగ్గుతాయి. వాయువు వచ్చి చర్య జరిపేది చాలావరకు అంచుల దగ్గర, లోపాలున్న చోట. అవి తగ్గితే రియాక్టివిటీ కూడా తగ్గుతుంది.

1000 డిగ్రీలు దాటి పైకెళ్లేకొద్దీ పొరలు ఒకదానిపై ఒకటి క్రమంగా పేర్చుకోవడం ఎక్కువవుతుంది, సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. ఉత్ప్రేరకాలుగా పనిచేసే కాల్షియం వంటివి గుంపుగా చేరి పెద్ద రేణువులవుతాయి, లేదా బంకమట్టి ఖనిజాలతో కలిసిపోయి పనికిరాకుండా పోతాయి. అంటే ఒకే వేడి కార్బన్ అమరికని, రంధ్రాలని, ఖనిజాలని మూడిటినీ ఒకేసారి దెబ్బతీస్తుంది. అందుకే ఒకే బొగ్గు నుంచి 800 డిగ్రీల దగ్గర చేసిన చార్‌నీ, 1200 దగ్గర చేసిన చార్‌నీ తీసుకుని రెండిటినీ 900 డిగ్రీల దగ్గరే పరీక్షించినా, రెండోది స్పష్టంగా నెమ్మదిగా సాగుతుంది.

ఎక్కువసేపు వేడిలో ఉంచితే?

రియాక్టివిటీ ఇంకా తగ్గుతుంది. మొదట్లో వేగంగా, తర్వాత నిదానంగా. దీన్ని థర్మల్ అనీలింగ్ అంటారు. చార్‌ని చల్లార్చి, దాచి, మళ్లీ వేడిచేస్తే కూడా ఈ నష్టం కొంత జరుగుతుంది. పైరోలిసిస్ అయిన వెంటనే, చల్లారనివ్వకుండా వాయువు మార్చి గ్యాసిఫై చేసిన చార్ సాధారణంగా ఎక్కువ చురుగ్గా ఉంటుంది.

వేడిచేసే వేగం ప్రభావం ఎంత?

ల్యాబ్‌లో శాంపిల్‌ని వేడిచేస్తూ బరువు తూచే టీజీఏ మెషిన్ మామూలుగా నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి పెంచుతుంది. పిండి బొగ్గుని వాయు ప్రవాహంతో పాటు ఊదే ఎంట్రెయిన్డ్ ఫ్లో గ్యాసిఫయర్‌లో రేణువు సెకనుకి పదివేల డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ వేగంతో వేడెక్కుతుంది. ఈ రెండు సందర్భాల్లో ఒకే బొగ్గు రెండు వేరు పదార్థాలుగా తయారవుతుందన్నా తప్పులేదు.

నిదానంగా వేడిచేస్తే విరిగిన ముక్కలకు రేణువు లోపలే మళ్లీ అతుక్కునే సమయం దొరుకుతుంది. తారులో కొంత భాగం బయటపడకుండా లోపలే చార్‌గా మారుతుంది. వేగంగా వేడిచేస్తే లోపల పుట్టిన వాయువు పెద్ద ఒత్తిడితో తోసుకుని బయటికొస్తుంది. వోలటైల్స్ మొత్తం ఎక్కువ, చార్ తక్కువ, పెద్ద రంధ్రాలు ఎక్కువ. కార్బన్ పొరలు సర్దుకునే లోపే పని అయిపోతుంది కాబట్టి అమరిక కూడా తక్కువ. అందుకే వేగంగా చేసిన చార్ సాధారణంగా ఎక్కువ రియాక్టివ్.

ఇక్కడో హెచ్చరిక. ప్రాక్సిమేట్ అనాలిసిస్‌లో (బొగ్గులో తేమ, బూడిద, వోలటైల్స్ శాతాలు తీసే మామూలు పరీక్ష) వోలటైల్ మేటర్ అంకె మూతపెట్టిన క్రూసిబుల్‌లో 900 డిగ్రీల దగ్గర 7 నిమిషాలు ఉంచి తీసినది. అది ఒక నిర్ణీత పద్ధతిలో వచ్చిన ఫలితం మాత్రమే. రేణువులు విడివిడిగా వేగంగా వేడెక్కే గ్యాసిఫయర్‌లో వోలటైల్స్ అంతకన్నా ఎక్కువ రావచ్చు. పైగా మన బొగ్గుల్లో బూడిద ఎక్కువ, అందులో కయోలినైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ. కయోలినైట్ సుమారు 450–600 డిగ్రీల మధ్య తన బరువులో దాదాపు 14 శాతం నీటిని వదిలేస్తుంది. 40 శాతం బూడిద ఉన్న బొగ్గులో ఆ బూడిదలో సగం కయోలినైట్ నుంచి వచ్చినదైతే, మీ రిపోర్టులోని వోలటైల్ మేటర్‌లో 3 శాతం పైచిలుకు బంకమట్టి నీరే.

ప్రెషర్ పెంచితే?

రెండు మార్పులు వస్తాయి. ఒకటి, తారు ఆవిరై బయటపడటం కష్టమవుతుంది, లోపలే ఉండి చార్‌గా మారుతుంది. మొత్తం వోలటైల్స్ తగ్గుతాయి. రెండోది, మెత్తబడే బొగ్గు రేణువు ఉబ్బుతుంది. మెత్తబడిన పొర లోపల వాయువు చిక్కుకుని పూరీలా పొంగుతుంది. అలా బోలుగా, పల్చటి గోడలతో తయారైన చార్ రేణువుని సీనోస్ఫియర్ అంటారు. చాలా పరిశోధనల్లో ఈ ఉబ్బు సుమారు 10 అట్మాస్ఫియర్ల దగ్గర గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత తగ్గినట్టు కనిపించింది. వేడిచేసే వేగం విపరీతంగా పెరిగినా ఉబ్బు తగ్గుతుంది, పొంగే సమయం కూడా ఉండదు కాబట్టి.

ప్రెషర్‌లో చేసిన చార్ రియాక్టివిటీ గురించి రకరకాల ఫలితాలు చదివి టెన్షన్ పడుతుంటారు. ఉపరితల వైశాల్యంతో భాగించి చూస్తే చాలాసార్లు ఆ తేడా బాగా తగ్గిపోతుంది. పైరోలిసిస్ ప్రెషర్ ముఖ్యంగా మార్చేది రంధ్రాల నిర్మాణాన్ని. కార్బన్ స్వభావం మీద దాని ప్రభావం తక్కువ.

అన్ని బొగ్గులూ అలాగే ఉబ్బుతాయా?

ఉబ్బవు. విట్రినైట్, ఇనర్టినైట్ అనేవి మైక్రోస్కోప్ కింద బొగ్గులో విడిగా కనిపించే భాగాలు. విట్రినైట్ ఎక్కువున్న బొగ్గు మెత్తబడుతుంది. ఇనర్టినైట్ ఎక్కువున్నది దాదాపు తన ఆకారంలోనే ఉండి దళసరి, గట్టి చార్ ఇస్తుంది. గోదావరి లోయ బొగ్గుతో సహా మన గోండ్వానా బొగ్గుల్లో ఇనర్టినైట్ గణనీయంగా ఉంటుంది. సింగరేణిది నాన్‌కోకింగ్ బొగ్గు. చార్‌ని రెజిన్‌లో పొదిగి, పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెడితే ఒకే బొగ్గు నుంచి వచ్చిన రేణువులు పక్కపక్కనే ఎంత తేడాగా ఉన్నాయో కనిపిస్తుంది. ఒకటి బుడగలా బోలుగా, దాని పక్కది జల్లెడలా, ఇంకొకటి రంధ్రమే లేని ముద్దలా. కొన్నిటిలో కార్బన్ కన్నా ఖనిజమే ఎక్కువ. సగటు అంకె ఒకటి రాసేముందు ఒక్కసారైనా ఈ దృశ్యం చూడమని విద్యార్థులకు చెబుతుంటాను.

ఉపరితల వైశాల్యం ఎక్కువుంటే రియాక్టివిటీ ఎక్కువే కదా?

ఏ వైశాల్యం అన్నదాని మీద ఆధారపడుతుంది. నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీల దగ్గర కొలిస్తే కొన్ని చార్‌లకు గ్రాముకి కొద్ది చదరపు మీటర్లే రావచ్చు. అదే చార్‌ని కార్బన్ డయాక్సైడ్‌తో 0 డిగ్రీల దగ్గర కొలిస్తే వందల్లో రావచ్చు. రెండు కొలతలూ తప్పు కాదు. అంత చలిలో నైట్రోజన్ అతి సన్నటి రంధ్రాల్లోకి చొరబడలేదు, 0 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్ చొరబడగలదు. కాబట్టి ఏ వాయువుతో కొలిచారో రాయని వైశాల్యానికి విలువ లేదు.

కొలత సరిగ్గా ఉన్నా, ఆ వైశాల్యమంతా చర్యలో పాల్గొనదు. చర్య జరిగేది చురుకైన స్థానాల దగ్గర. వైశాల్యం దాదాపు సమానంగా ఉన్న రెండు చార్‌లలో ఒకదాంట్లో కాల్షియం బాగా పరుచుకుని ఉంటే, అది ఎన్నో రెట్లు వేగంగా గ్యాసిఫై కావచ్చు. పైగా చర్య సాగేకొద్దీ రంధ్రాలు పెద్దవవుతాయి, మూసుకున్నవి తెరుచుకుంటాయి. మొదట్లో కొలిచిన వైశాల్యం మధ్యలో ఉండదు.

ఎక్స్ఆర్‌డీ, రామన్ ఏం చెబుతాయి?

ఎక్స్ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్) కార్బన్ పొరల మధ్య దూరాన్ని, ఎన్ని పొరలు పేర్చుకున్నాయో చెబుతుంది. గ్రాఫైట్‌లో పొరల దూరం 0.3354 నానోమీటర్లు. చార్‌లో అంతకన్నా ఎక్కువ, వేడి పెరిగేకొద్దీ గ్రాఫైట్ వైపు తగ్గుతూ వస్తుంది. బూడిద ఎక్కువున్న చార్‌లో మాత్రం క్వార్ట్జ్ శిఖరం దాదాపు కార్బన్ శిఖరం ఉన్నచోటే పడుతుంది. ఆమ్లంతో ఖనిజాలు తీసేయకుండా లెక్కకడితే మీరు కొలిచేది ఇసుకనే.

లేజర్ కాంతి చెదరడాన్ని కొలిచే రామన్‌లో 1350 సెం.మీ⁻¹ దగ్గర డీ బ్యాండ్, 1590 సెం.మీ⁻¹ దగ్గర జీ బ్యాండ్ అనే శిఖరాలు వస్తాయి. వాటి నిష్పత్తి ఒక్కటే చూసి "అమరిక పెరిగింది" అని తేల్చేయడం తొందరపాటు. తక్కువ ఉష్ణోగ్రత చార్‌లో చిన్న వలయాలు కలిసి పెద్దవవుతుంటే డీ బ్యాండ్ పెరుగుతుంది. గ్రాఫైట్ వైపు వెళ్లేటప్పుడు తగ్గుతుంది. అందుకే రెండు బ్యాండ్ల మధ్య లోయలో ఉండే చిన్న వలయాల సంకేతాన్ని కూడా విడదీసి చూడటం మేలు.

బూడిద మంచిదా, చెడ్డదా?

బూడిదలో ఏముంది, అది ఏ రూపంలో ఉంది అన్నది చూడాలి. పొటాషియం, సోడియం, కాల్షియం గ్యాసిఫికేషన్‌కి మంచి ఉత్ప్రేరకాలు. నైవేలీ లాంటి లిగ్నైట్లలో ఈ లోహాల్లో కొంత భాగం ఆమ్ల సమూహాలకు అతుక్కుని అణువుల స్థాయిలో పరుచుకుని ఉంటుంది కాబట్టి చార్ చురుగ్గా ఉంటుంది. మన గోండ్వానా బొగ్గు బూడిదలో ప్రధానంగా ఉండేవి సిలికా, అల్యూమినా. అవి చర్యకు సాయం చేయవు. సరికదా, వేడెక్కాక అల్యూమినోసిలికేట్లు పొటాషియంని పట్టేసుకుని దాని చురుకుని చంపేస్తాయి. బయోమాస్ కలిపితే అందులోని పొటాషియం బొగ్గుకి ఉపయోగపడుతుందన్న ఆశతో చేసే ప్రయోగాలు ఎక్కువ బూడిద బొగ్గుతో నిరాశపరచడానికి ఇదొక కారణం.

ఇదంతా తెలంగాణ బొగ్గుకి ఎలా వర్తిస్తుంది?

రామగుండంలో ఎరువుల కార్పొరేషన్ ప్లాంట్ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. బొగ్గుని కాపర్స్-టోట్జెక్ అనే ఎంట్రెయిన్డ్ ఫ్లో గ్యాసిఫయర్లలో గ్యాస్‌గా మార్చి, దాన్నుంచి అమ్మోనియా, యూరియా చేసేది. 1999లో మూతపడింది. 2021లో కొత్త కంపెనీగా తిరిగి మొదలైనప్పుడు ముడిసరుకు సహజవాయువు. పాత ప్లాంట్ కష్టాలన్నిటినీ చార్ మీదకు నెట్టడం సరికాదు, కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఎక్కువ బూడిద బొగ్గుని అధిక ఉష్ణోగ్రత ఎంట్రెయిన్డ్ ఫ్లో పద్ధతిలో నడపడం సహజంగానే బరువైన పని. ఆ బూడిదనంతా కూడా వేడెక్కించి కరిగించాలి కదా.

మన బూడిద కరిగే ఉష్ణోగ్రత ఎక్కువ. అందుకే బూడిద కరగకుండా 1000 డిగ్రీల చుట్టూ నడిచే ఫ్లూయిడైజ్డ్ బెడ్ (కింది నుంచి ఊదే వాయువులో రేణువులు తేలే పద్ధతి) మీద ఇక్కడ ఇంత ఆసక్తి. హైదరాబాద్‌లోని భెల్ పరిశోధనా కేంద్రంలో ఎక్కువ బూడిద బొగ్గు నుంచి రోజుకి 0.25 టన్నుల మెథనాల్ చేసే పైలట్ ప్లాంట్‌ని 2022 జనవరిలో జాతికి అంకితం చేశారు. దాని వెనకున్నదీ ఫ్లూయిడైజ్డ్ బెడ్ గ్యాసిఫయరే. ఈ పద్ధతిలో చార్ రియాక్టివిటీ కీలకమైపోతుంది. 1500 డిగ్రీల దగ్గర ఎలాంటి చార్ అయినా త్వరగానే ఖర్చవుతుంది. 1000 దగ్గర నెమ్మదైన చార్ అయితే మిగిలిపోయి, బూడిదతో పాటు, సైక్లోన్ నుంచి ఎగిరే ధూళితో పాటు బయటికి పోతుంది. 2030 నాటికి ఏడాదికి 10 కోట్ల టన్నుల బొగ్గు గ్యాసిఫికేషన్ అని దేశం లక్ష్యం పెట్టుకుంది. కాబట్టి ఈ మిగిలిపోయే కార్బన్ చిన్న విషయం కాదు.

టీజీఏలో రియాక్టివిటీ సరిగ్గా కొలవడం ఎలా?

నైట్రోజన్‌లో 900 డిగ్రీలకు తీసుకెళ్లి, బరువు నిలకడగా ఉందని చూసుకుని, కార్బన్ డయాక్సైడ్‌కి మార్చండి. మార్చిన క్షణంలో గ్రాఫ్ చిన్నగా కిందికి జారుతుంది. అది చర్య కాదు. కార్బన్ డయాక్సైడ్ బరువైన వాయువు కావడంతో క్రూసిబుల్‌ని కాస్త ఎక్కువగా పైకి తేలుస్తుంది. ఖాళీ క్రూసిబుల్‌తో అదే ప్రోగ్రామ్ నడిపి ఆ తేడాని తీసేయాలి.

తర్వాతది బూడిద లెక్క. బొగ్గులో 40 శాతం బూడిద, 25 శాతం వోలటైల్స్, 5 శాతం తేమ ఉన్నాయనుకోండి. 100 గ్రాముల బొగ్గుకి 70 గ్రాముల చార్ మిగిలితే అందులో 40 గ్రాములు బూడిదే. మీరు తూచి వేసిన 10 మిల్లీగ్రాముల చార్‌లో కార్బన్ 4.3 మిల్లీగ్రాములే. కన్వర్షన్‌ని (ఖర్చైన కార్బన్ వాటా) బూడిద తీసేసిన బరువుతో లెక్కకట్టకపోతే అంకెలన్నీ పక్కదారి పడతాయి.

చివరగా డిఫ్యూజన్ పరీక్ష. శాంపిల్ బరువు సగానికి తగ్గించండి, రేణువు సైజు తగ్గించండి, వాయువు ప్రవాహం పెంచండి. వేగం మారితే మీరు కొలుస్తున్నది చర్యని కాదు, వాయువు లోపలికి చేరే వేగాన్ని. కార్బన్ డయాక్సైడ్ చర్యకి యాక్టివేషన్ ఎనర్జీ సాధారణంగా మోల్‌కి 200–250 కిలోజౌళ్ల చుట్టూ వస్తుంది. మీకు దానిలో సగం వచ్చిందంటే రంధ్రాల్లో డిఫ్యూజన్ అడ్డుపడుతోందని ముందు అనుమానించండి.

ఏ మోడల్ వాడాలి?

ముందు వేగం–కన్వర్షన్ గ్రాఫ్ ఆకారం చూడండి. వేగం మొదట్నుంచీ తగ్గుతూ ఉంటే వాల్యూమెట్రిక్ (రేణువంతటా ఒకేలా చర్య) లేదా ష్రింకింగ్ కోర్ (బయటి నుంచి లోపలికి చర్య) మోడల్ సరిపోవచ్చు. మొదట పెరిగి తర్వాత తగ్గితే 1980లో భాటియా, పెర్ల్‌మట్టర్ ఇచ్చిన, రంధ్రాలు పెరిగి కలిసిపోవడాన్ని లెక్కలోకి తీసుకునే రాండమ్ పోర్ మోడల్ చూడండి. దాని ప్రకారం గరిష్ఠ వేగం 0.393 కన్వర్షన్ దాటి రాదు. మీ శిఖరం అంతకన్నా తర్వాత వస్తే ఉత్ప్రేరకం పనిచేస్తోందేమో చూడాలి. కార్బన్ తగ్గేకొద్దీ మిగిలిన కార్బన్‌తో పోలిస్తే పొటాషియం వాటా పెరుగుతుంది కదా.

కార్బన్ డయాక్సైడ్‌లో వచ్చిన ఫలితం ఆవిరికీ వర్తిస్తుందా?

చార్‌ల వరస చాలాసార్లు అదే ఉంటుంది, విలువలు కావు. ప్లాంట్‌లో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కూడా ఉంటాయి, అవి ఈ చర్యల్ని నెమ్మదింపజేస్తాయి. శుద్ధ వాయువులో కొలిచిన వేగాన్ని నేరుగా డిజైన్‌లో పెడితే గ్యాసిఫయర్ చిన్నదైపోతుంది.

సింగరేణి బొగ్గు మీద కొత్తగా పని మొదలుపెడితే మొదటి ప్రయోగం ఏది?

ఒకే గని, ఒకే సీమ్ నుంచి బాగా కలిపిన శాంపిల్ తీసుకోండి. నిదానంగా, వేగంగా, ఒక్కో పద్ధతిలో 800, 950, 1100 డిగ్రీల దగ్గర చార్ చేయండి. వేగంగా చేయడానికి డ్రాప్ ట్యూబ్ ఫర్నేస్ (రేణువుల్ని పైనుంచి జారవిడిచే నిలువు గొట్టం ఫర్నేస్) అందుబాటులో ఉంటే సరే. లేకపోతే ముందే వేడెక్కిన ఫర్నేస్ మధ్యలోకి కొద్దిపాటి శాంపిల్‌ని, నైట్రోజన్ ప్రవాహంలో, పల్చగా పరిచి ఒక్కసారిగా తోయండి. సెకనుకి పదివేల డిగ్రీలు రావు, కానీ నిమిషానికి 10 డిగ్రీలతో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆరు చార్‌లలో ప్రతిదాన్నీ రెండు భాగాలు చేసి, ఒకదాన్ని ఆమ్లంతో కడగండి. అన్నిటినీ ఒకే 900 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌లో పరీక్షించండి. కడిగినదానికీ కడగనిదానికీ మధ్య తేడా ఖనిజాల వంతు గురించి చెబుతుంది. కడిగినవాటిని మాత్రమే ఒకదానితో ఒకటి పోలిస్తే కార్బన్ అమరిక, రంధ్రాల వంతు బయటపడుతుంది. చివర్లో హోల్డింగ్ టైమ్‌ని (వేడిలో ఉంచే సమయం) కూడా 5 నిమిషాల నుంచి గంటకి మార్చి ఒక జత చేయండి, అనీలింగ్ ఎంత తినేస్తోందో అక్కడ దొరుకుతుంది.